ప్రసారమా? ప్రవాహమా?

కొత్తనీరు వచ్చి పాతనీటిని కొట్టుకొనిపోవునని తెలుగువారి సామెత. వార్తావినోదముల ప్రపంచమున నేటి కొత్తనీరు ఇంటర్నెట్టు. దానిద్వారా బొమ్మను, ధ్వనిని ఎడతెగకుండ ఇంటింటికి పారించు పద్ధతిని స్ట్రీమింగు అందురు, అనగా ప్రవాహము. దీనికి ఎదురుగా నిలిచియున్నది ఉపగ్రహముద్వారాను, కేబులుద్వారాను ఒకేసారి నలుదిక్కులకు వెదజల్లబడు టెలివిజను; అనగా ప్రసారము. ప్రవాహము వచ్చి ప్రసారమును తుడిచిపెట్టునా, లేక రెండును కలిసి బ్రతుకునా అను ప్రశ్నము నేడు అందరి నోటను వినవచ్చుచున్నది. వ్యాపారులకు ఇది లాభనష్టముల లెక్క. ఉపాధ్యాయులు, విద్యార్థులు మాత్రము దీనిని మరియొక విధముగా అడుగవలసియున్నది. రేపు పాఠమైనను, వార్తయైనను, తుపాను హెచ్చరికయైనను దేశమునందలి చిట్టచివరి ఇంటికి ఏ దారిని చేరును? ఆ దారికి సుంకము ఎవరు చెల్లింతురు?

ఈ ప్రశ్నమునకు ఒక్కమాటలో బదులు చెప్పుట సులభమే. కాని ఆ బదులు నిలువదు. టెలివిజను ఒక్క పనికి పుట్టిన యంత్రము కాదు. అది కథ చెప్పును, ఆట చూపును, వార్త తెలుపును, పాఠము బోధించును, ఆపత్కాలమున హెచ్చరించును. వీనిలో ఏయే పనులను ప్రవాహము తన చేతిలోనికి తీసికొన్నదో, ఏయే పనులు ఇంకను ప్రసారముచేతనే సాగుచున్నవో వేరువేరుగా పరిశీలించినగాని నిజము తేలదు.

ఆకాశమునుండి దిగిన పాఠము

మన దేశమున టెలివిజను 1959 సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో చిన్న ప్రయోగముగా మొదలైనది. రెండవ నగరమైన బొంబాయికి అది చేరుటకు 1972 వరకు పట్టినది. తెలుగుపల్లెలకు మాత్రము అది విచిత్రమైన త్రోవను వచ్చినది. 1975 ఆగస్టు 1వ తేదీ మొదలు 1976 జులై 31వ తేదీ వరకు, అమెరికాకు చెందిన ఏ.టి.ఎస్.-6 అను ఉపగ్రహమును ఎరువు తెచ్చుకొని, భారతదేశము 'సైట్' అను పేర ఒక మహాప్రయోగమును నడపినది. ఆంధ్రప్రదేశముతో సహా ఆరు రాష్ట్రములలో దాదాపు 2,400 గ్రామములను ఇందుకు ఎన్నుకొనిరి. హిందీ, ఒరియా, కన్నడము, తెలుగు భాషలలో కార్యక్రమములు తయారైనవి. ఉదయము బడిపిల్లలకు పాఠములు; సాయంకాలము పెద్దలకు సేద్యము, ఆరోగ్యము మొదలైన విషయములు. కోళ్ళదొడ్లకు కట్టు ఇనుపవలవంటి వలతో పెద్దగొడుగు ఒకటి చేసి నిలిపి, దానితో ఆకాశమునుండి వచ్చు బొమ్మను పట్టిరి. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రము వెలసినది 1977లో. అనగా రాజధానికి కేంద్రము రాకమునుపే కొన్ని పల్లెలకు ఉపగ్రహ టెలివిజను వచ్చినది. అదియును వినోదముగా గాక పాఠముగా వచ్చినది.

తరువాతి చరిత్ర చాలమంది ఎరిగినదే. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల సంవత్సరమున బొమ్మకు రంగులు వచ్చినవి. 1987 జనవరిలో 'రామాయణ్' ధారావాహిక ప్రారంభమైన పిమ్మట ఆదివారము ఉదయము వీధులు నిర్మానుష్యములయ్యెడివి. టెలివిజను ఉన్న ఇంటి ముంగిట ఇరుగుపొరుగువారు గుమిగూడెడివారు. 1991లో విదేశీ ఉపగ్రహ చానెళ్ళు ప్రవేశించినవి. 1995లో తెలుగున ఈటీవీ వెలసినది. జెమిని టీవీయు ఆ సంవత్సరపుదే. కేబులు టెలివిజను నియంత్రణచట్టము వచ్చినదియు అప్పుడే. 2004 డిసెంబరులో నెలసరి చందాలేని ఉపగ్రహసేవను దూరదర్శన్ ప్రారంభించినది. నేడు దానికి డీడీ ఫ్రీ డిష్ అని పేరు. 2017 మార్చి 31వ తేదీ గడువుగా దేశమందంతట కేబులు తీగలు డిజిటలు పద్ధతికి మారి, టెలివిజను ప్రక్కన సెట్‌టాప్ బాక్సు చేరినది.

ఈ నడుమనే ఒక సాధనము సద్దు లేకుండ కనుమరుగైనది. అది ఇంటికప్పుమీది అల్యూమినియము ఏంటెన్నా. గాలికి అది ప్రక్కకు తిరిగినప్పుడు ఒకరు మిద్దెయెక్కి త్రిప్పుట, మరియొకరు క్రింద నిలిచి 'వచ్చె, వచ్చె, మరల పోయె' అని కేకవేయుట ఒక తరమువారికి నిత్యకృత్యము. నేలమీది స్తంభములనుండి సాగు పాతరకపు ప్రసారమును, ముఖ్యస్థలములలోని సుమారు 50 ట్రాన్స్‌మిటర్లు తప్ప, 2022 మార్చిలోగా ముగించుటకు ప్రసారభారతి 2021లో నిర్ణయము ప్రకటించినది. దానికై పెద్దగా ఆందోళన జరుగలేదు. ఏలననగా అది చేయు పనిని ఉపగ్రహము అంతకంటె చక్కగా చేయుచుండెను.

పాతది ఎప్పుడు పోవును?

కొత్త సాధనము వచ్చినప్పుడెల్ల పాతదానికి చావు తప్పదని జోస్యము చెప్పువారు ఉందురు. సినిమా వచ్చినప్పుడు నాటకము పోవుననిరి. టెలివిజను వచ్చినప్పుడు రేడియో పోవుననిరి. 1885లో పుట్టిన సురభి నాటకసంప్రదాయము సినిమాను, టెలివిజనును దాటి నేటికిని రంగముపై నిలిచియున్నది. పూర్వవైభవము లేదన్నమాట నిజమే. అయినను కన్నులయెదుట మనిషి నిలిచి ఆడుటలోని రసము తెరమీద దొరకదు గనుక అది బ్రతికినది. రేడియో బ్రతుకుటకును ఇట్టి కారణమే కలదు. పొలములో కలుపు తీయువారు, బండి తోలువారు, వంటయింట పనిలోనున్నవారు కన్నులను పనికి అప్పగించి చెవులతో వినగలరు. ఆ సౌకర్యమును టెలివిజను ఇయ్యజాలదు.

టెలిగ్రాము కథ వేరు. తంతి వచ్చినదనగానే ఇల్లంతయు గుండె చిక్కబట్టుకొను కాలము ఒకటి ఉండెను. అట్టి తంతిసేవ 2013 జులైలో మన దేశమున ముగిసిపోయినది. అత్యవసరమైన కబురును వేగముగా చేర్చుట అది చేసిన ఏకైకకార్యము. ఆ పనిని సెల్‌ఫోను అంతకంటె వేగముగా, అంతకంటె చవుకగా, గుమాస్తా అవసరము లేకుండ చేసినది. తంతికి మరి చేయుటకు ఏమియు మిగులలేదు.

ఈ ఉదాహరణములనుండి ఒక సూత్రము తీయవచ్చును. ఒక సాధనము చేయు పనులన్నిటిని వేరొకటి చవుకగాను, అందరికిని అందునట్లుగాను చేయగలిగినప్పుడే మొదటిది నశించును. ఒక్క పని మిగిలినను అది చిన్నదై బ్రతుకును. టెలివిజనును ఈ సూత్రముతో కొలిచి చూడవలెను.

ప్రవాహము గెలిచిన చోటు

కథాకాలక్షేపము విషయమున తీర్పు ఇంచుమించు వెలువడినది. యూట్యూబు 2005లో పుట్టినది. మన దేశమున హాట్‌స్టార్ 2015లోను, నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ ప్రైమ్ వీడియోలు 2016లోను ప్రవేశించినవి. 2016 సెప్టెంబరు 5వ తేదీన జియో సేవలు ప్రారంభమైన పిమ్మట ఇంటర్నెట్టు వెల పడిపోయి, ప్రవాహము పట్టణములను దాటి పల్లెలకు పారినది. 2020లో కేవలము తెలుగుకొరకే 'ఆహా' అను వేదిక ఏర్పడినది.

ఈ విజయమునకు మూలము కాలస్వాతంత్ర్యము. రాత్రి ఏడున్నరకు సీరియలు అన్నచో, ఆ వేళకు ఇంటికి చేరనివానికి అది లేనట్లే. ప్రవాహమున చూచువాడే వేళను నిర్ణయించును; ఆపును, వెనుకకు పోవును, మరల చూచును. దూరము గూడ తగ్గినది. సముద్రములు దాటిన తెలుగువారికి స్వదేశపు చానెళ్ళు చూచుట ఒకప్పుడు గగనకుసుమము. 2006లో స్థాపితమైన యప్ టీవీవంటి సంస్థలు ఆ చానెళ్ళను ఇంటర్నెట్టుద్వారా విదేశములలోని ఇండ్లకు చేర్చినవి. ఒకనాడు ప్రసారమై గాలిలో కలిసిపోయిన కార్యక్రమములు నేడు యూట్యూబులో దొరకుచున్నవి. ప్రసారభారతి తన భాండాగారమునుండి ఎన్నింటినో అందుంచినది. సాహిత్యవిద్యార్థికి ఇది చిన్నలాభము కాదు.

అంకెలు గూడ ఇటువైపే చూపుచున్నవి. అమెరికాలో నీల్సన్ సంస్థ లెక్క ప్రకారము, 2025 మే మాసమున టెలివిజను తెరమీద జనము గడిపిన కాలములో స్ట్రీమింగు పాలు 44.8 శాతము, నేలప్రసారము, కేబులు రెండును కలిపి 44.2 శాతము. రెండింటిని కలిపినను ప్రవాహము మించుట అక్కడ అదియే మొదటిసారి. మన దేశమున నెలసరి చందా చెల్లించి డీటీహెచ్ చూచువారు 2021 మార్చిలో దాదాపు 7 కోట్లు. 2025 మార్చినాటికి 5.7 కోట్లకు తగ్గిరని ట్రాయ్ నివేదికలు తెలుపుచున్నవి. 2023 మొదలు 2027 వరకు ఐపీఎల్ క్రికెట్టును చూపు హక్కులను 2022 జూన్‌లో వేలము వేసినప్పుడు, ఈ దేశమునందలి టెలివిజను హక్కులు రూ.23,575 కోట్లు పలికినవి. ఇంటర్నెట్టు హక్కులు రూ.23,758 కోట్లు పలికినవి. వ్యాపారుల చూపు ఎటు మళ్ళినదో దీనినిబట్టి తెలియును.

వాన, కాలువ

ఇంతమాత్రముచేత ప్రసారము పని ముగిసినదని తీర్మానించుట తొందరపాటగును. రెండింటికినిగల భేదమును రైతు సులభముగా గ్రహింపగలడు. ప్రసారము వానవంటిది, ప్రవాహము కాలువవంటిది. వాన ఒక్క మేఘమునుండి కురియును. క్రింద పది ఎకరములున్నను, పదివేల ఎకరములున్నను మేఘమునకు శ్రమ ఒక్కటే. కాలువనీరు అట్లు కాదు. అది తూముద్వారా ఏ మడికామడికి వేరుగా పారవలెను. మడులు పెరిగినకొలది నీరు పెరుగవలెను. కాని రైతు కోరినప్పుడు తూము తీయవచ్చును, వలదన్నప్పుడు మూయవచ్చును. వాన ఆ మాట వినదు.

భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచియుండు ఉపగ్రహము ఒక కార్యక్రమమును ఒక్కసారి క్రిందికి విడిచినచో, దాని నీడలోనున్న గొడుగులన్నియు దానిని పట్టుకొనును. కొత్తగా లక్షమంది చూచినను అదనపు వ్యయము లేదు. ప్రవాహమున ప్రతి చూపరికిని ఒక వేరు ధార కావలెను. ఈ భారము తగ్గుటకై సంస్థలు నగరనగరమున తమ కార్యక్రమముల ప్రతులను నిలువచేసియుంచి, దగ్గరి నిలువనుండి పంపుచుండును. ఎంత చేసినను తుదకు ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క ధార తప్పదు. క్రికెట్టు ఆటను ఫోనులో చూచువాడు బంతి ఇంకను పడకమునుపే ప్రక్కింటివారి కేరింతలు విని వికెట్టు పడినదని తెలిసికొనుట ఈ కారణముననే. ధారలు ముక్కలుముక్కలుగా చేరి, కొంత నిలువయైన పిమ్మట బొమ్మ కదలును. ఉపగ్రహపు బొమ్మ అంతకు కొన్ని క్షణములు ముందుగనే వచ్చియుండును.

2023 నవంబరు 19వ తేదీన అహమ్మదాబాదులో భారత, ఆస్ట్రేలియా జట్ల నడుమ జరిగిన ప్రపంచకప్పు తుదియాట దీనికి మంచి నిదర్శనము. ఆనాడు హాట్‌స్టార్‌లో ఒకే క్షణమున 5.9 కోట్లమంది చూచిరి. అది ప్రవాహచరిత్రలోనే గొప్ప ఘట్టము. కాని అదే ఆటను టెలివిజనులో ఒకే క్షణమున చూచినవారు 13 కోట్లని ప్రసారసంస్థ ప్రకటించినది. దేశమంతయు ఒకే వేళకు ఒకే బొమ్మవైపు తిరిగినప్పుడు ఆ భారములో పెద్దపాలును ఆనాటికిని మోసినది ప్రసారమే.

సుంకము మాట గూడ ఉన్నది. హెచ్.డి. స్థాయిలో ఒక గంట చూచుటకు 3 గిగాబైట్ల వరకు వ్యయమగునని నెట్‌ఫ్లిక్స్ సంస్థయే చెప్పుచున్నది. ఫోనుమీద చిన్నబొమ్మగా చూచినచో ఇంతకంటె తక్కువతో జరుగును. అయినను దినమునకు ఒకటిన్నరయో, రెండో గిగాబైట్లు లభించు ఫోను ఒక్కటే ఉన్న ఇంట తండ్రి వార్తలు, తల్లి కథ, పిల్లవాని పాఠము అన్నియు ఆ ఒక్క కొలపాత్రలోనుండియే రావలెను. వానకు ఇట్టి కొలత లేదు.

అట్లని ప్రసారమునకు లోపములు లేవనరాదు. కుండపోతగా వాన కురిసినప్పుడు డీటీహెచ్ బొమ్మ చెదరిపోవును. చిన్నసమూహములకు, అరుదైన అభిరుచులకు అందు చోటు తక్కువ. అన్నిటికంటె ముఖ్యముగా, అది చెప్పుటయేగాని వినుట ఎరుగదు.

బడులు మూతపడిన సంవత్సరము

ఈ రెండు పద్ధతుల బలాబలములు ఉపాధ్యాయులకు 2020లో ప్రత్యక్షముగా తెలిసినవి. కరోనా వ్యాధిచే ఆ సంవత్సరము మార్చిలో బడులు మూతపడినవి. పాఠములు ఇంటికే పోవలసివచ్చినది. నగరములలోని కొన్ని పాఠశాలలు కంప్యూటరు తెరమీద తరగతులు నడపినవి. కాని గ్రామములలో ఎందరి యింట స్మార్టుఫోను ఉన్నది? ఆ సెప్టెంబరునాటి 'అసర్' సర్వే ప్రకారము, బడిలో పేరున్న గ్రామీణబాలబాలికల ఇండ్లలో స్మార్టుఫోను ఉన్నవి 61.8 శాతము. రెండేండ్లకు పూర్వము అది 36.5 శాతమే గనుక పెరుగుదల గొప్పదే. అయినను అయిదిండ్లలో దాదాపు రెండింట అది లేదు. ఉన్న ఇంటను అది తరచుగా తండ్రి జేబులో పనికి పోయెడిది.

అప్పుడు అక్కరకు వచ్చినది ప్రసారమే. తెలంగాణమున 2020 సెప్టెంబరు 1వ తేదీనుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానెళ్ళద్వారా 3వ తరగతి మొదలు 10వ తరగతి వరకు పాఠములు చెప్పిరి. ఆంధ్రప్రదేశమున దూరదర్శన్ సప్తగిరి పాఠములను ప్రసారము చేసినది. 2017లో 32 చానెళ్ళతో ఆరంభమైన 'స్వయంప్రభ' అంతకుముందే ఉపగ్రహముద్వారా ఉన్నతవిద్యను అందించుచుండెను. 2020 మే మాసమున ప్రకటితమైన 'పీఎం ఈ-విద్య' పథకమున తరగతికొక్క చానెలు చొప్పున 12 చానెళ్ళు ఏర్పడినవి. 1975లో ఇనుపవలగొడుగులతో మొదలైన ప్రయోగము నలుబదియైదేండ్ల తరువాత మరల పల్లెబడికి ఆసరా అయినది.

ఆ పాఠములు తరగతిగదికి సాటి వచ్చినవని ఏ ఉపాధ్యాయుడును అనడు. భిన్నముల కూడిక అర్థము కాని పిల్లవాడు టెలివిజనును ఆపి, 'అయ్యా, మరొక్కసారి చెప్పుడు' అని అడుగలేడు. అరగంట దాటినంతనే ఆ పాఠము పోయి మరియొక తరగతి పాఠము వచ్చును. ఇంట ముగ్గురు పిల్లలు మూడు తరగతులలో నున్నచో, ఒక్క టెలివిజనుముందు వంతులు తప్పవు. ఇచ్చట ప్రవాహమునకే పైచేయి. అదే పాఠము యూట్యూబులోనో, ప్రభుత్వమువారి 'దీక్ష' వేదికలోనో ఉన్నచో పిల్లవాడు దానిని పదిసార్లు చూడగలడు. పరీక్షకు ముందురాత్రి మరల చూడగలడు. అనగా పాఠమును అందరికిని చేర్చుట ప్రసారము చేసిన మేలు. చేరిన పాఠమును నెమరువేసికొననిచ్చుట ప్రవాహము చేసిన మేలు. ఆ సంవత్సరము రెండింటిని కలిపి వాడుకొన్న పిల్లలకు మేలు ఎక్కువగా కలిగినది. రెండింటిలో ఏదియు అందని పిల్లలు గూడ ఉండిరన్నది మరువరాని మాట.

నడుమ నలుగుచున్నది

ఇంతవరకు పరిశీలించినదానినిబట్టి, ఏ టెలివిజను మొదట తగ్గునో ఊహింపవచ్చును. నెలనెల చందా పుచ్చుకొను కేబులు, డీటీహెచ్‌లే నడుమ నలుగుచున్నవి. అవి వానవలె ఉచితములు కావు; కాలువవలె కోరిన వేళకు పారునవియు కావు. 2019లో అమలైన ట్రాయ్ కొత్తపద్ధతిచే చందాదారుడు చానెలు చానెలుకు వెల చూచి ఎన్నుకొనవలసివచ్చినది. అట్లు వెల చూచువాడు, అదే సొమ్ముతో ఫోనులోనే సినిమా చూడవచ్చునుగదాయని తలచుట సహజము. ఉన్నవాడు ప్రవాహమువైపు, లేనివాడు ఉచితప్రసారమువైపు తొలగిపోవుచుండ, నడుమనున్న దుకాణమునకు బేరము తగ్గుచున్నది. హిందీప్రాంతములలో ఫ్రీ డిష్ వ్యాపించినంతగా తెలుగునాట వ్యాపింపలేదు. ఇచ్చట కేబులు బలము ఎక్కువ. ఫ్రీ డిష్‌లో తెలుగు ప్రయివేటు చానెళ్ళు అరుదు. కనుక కేబులు చిక్కిపోయినచో ఇచ్చటి పేదయింటికి మిగులు దారి ఏది అను ప్రశ్నము తెలుగువారికి మరింత ముఖ్యమైనది.

దారులు ఒకదానిలో నొకటి కలిసిపోవుట గూడ ఇప్పటికే మొదలైనది. 2017 డిసెంబరు 27వ తేదీన ఆంధ్రప్రదేశమున ప్రారంభమైన ఫైబర్‌నెట్ పథకమున ఒకే తీగ ఇంటర్నెట్టును, టెలివిజను చానెళ్ళను, టెలిఫోనును ఇంటికి తెచ్చినది; ఆనాడు దాని ఆరంభపు వెల నెలకు రూ.149. ఆ తీగలో వచ్చు బొమ్మ కేబులుదా, ఇంటర్నెట్టుదా అని ఇంటివారు అడుగరు. కేబులు నడుపు చిన్నవ్యాపారులు పలువురు ఇంటర్నెట్టు కనెక్షనులు గూడ ఇచ్చుచున్నారు. 2024 నవంబరులో ప్రసారభారతియే 'వేవ్స్' అను స్ట్రీమింగు వేదికను తెరచినది. అదే మాసమున స్టార్, వయాకామ్18 సంస్థలు ఏకమైనవి. 2025 ఫిబ్రవరిలో వాని వేదికలు జియోహాట్‌స్టార్ అను పేర కలిసినవి. టెలివిజనును, ప్రవాహమును నడుపు చేయి ఒక్కటే అయినప్పుడు, రెండింటి నడుమ యుద్ధమన్న మాటకు పూర్వపు అర్థము లేదు. ఇంటర్నెట్టు లేకుండగనే ఫోనునకు నేరుగా టెలివిజను బొమ్మను పంపు 'డైరెక్టు టు మొబైల్' ప్రయోగములు గూడ మన దేశమున జరిగినవి. వానను కాలువలోనికిని, కాలువను వానలోనికిని త్రిప్పు యత్నములన్నమాట.

ఇతరదేశములు ఈ విషయమున తమతమ స్థితిగతులనుబట్టి నడచుచున్నవి. స్విట్జర్లాండు ప్రజాప్రసారసంస్థ 2019 జూన్ 3వ తేదీన నేలమీది డిజిటలు టెలివిజను ప్రసారమును నిలిపివేసినది. అక్కడ దానిపై ఆధారపడినవారు మిక్కిలి కొలదిమంది. బ్రిటనులో మాత్రము నేలప్రసారమును కనీసము 2034 వరకు కొనసాగింతుమని ప్రభుత్వము మాట యిచ్చియున్నది. ఇంటర్నెట్టు వాడుక తెలియని వృద్ధులు, ఒంటరిగా నున్నవారు, పేదలు ఏమగుదురన్న ప్రశ్నము తేలక పాతదారిని మూయరాదని అక్కడ వాదించువారు పలువురు. సంపన్నదేశమే ఇంత జాగ్రత్తపడుచుండ, ఊరూరికి ఒక స్థితి, ఇంటింటికి ఒక స్థితిగల మన దేశము మరింత జాగ్రత్తపడుట న్యాయము.

మిగుల్చుకొనవలసినది

రాబోవు కాలమున బొమ్మను మోయు దారి క్రమక్రమముగా ఇంటర్నెట్టే అగును. దానిని ఆపుట ఎవరి తరము కాదు. ఆపవలసిన పనియు లేదు. కాని ప్రసారములో దారితోబాటు ఒక ధర్మము గూడ ఇమిడియున్నది. ఒకే విషయమును, ఒకే వేళకు, ధనిక దరిద్ర భేదము లేకుండ, తల ఒక్కింటికి ఇంతయని వెల కట్టకుండ అందరికిని చేర్చుట ఆ ధర్మము. ఉపగ్రహమున ఇది యంత్రము స్వభావముచేతనే సిద్ధించినది. ఎవరును కోరి చేయవలసిన పని లేకపోయెను. ప్రవాహమున అది తనంత తాను సిద్ధింపదు. అందు ప్రతి చూపరికిని లెక్క ఉన్నది, ప్రతి ధారకును వెల ఉన్నది. కనుక ఆ ధర్మము నిలువవలెనన్నచో ప్రభుత్వములును, ప్రజలును పూనుకొని నిలుపవలెను.

ఇందుకు చేయవలసినవి మూడు కలవు. పాఠములు, ఆపద హెచ్చరికలు, ప్రజలకు అవసరమైన ముఖ్యవార్తలు డేటా వ్యయము లేకుండ అందునట్లు ఏర్పాటు చేయుట మొదటిది. ప్రతి గ్రామపు బడికిని, గ్రంథాలయమునకును నమ్మదగిన ఇంటర్నెట్టు చేరువరకు ఉచిత ఉపగ్రహప్రసారమును తగ్గింపకుండుట రెండవది. తెలుగు పాఠములకు, తెలుగు కార్యక్రమములకు అందు చోటు పెంచుట దీనిలోని భాగమే. మూడవది భాండాగారము. నేడు ప్రవాహవేదికలో నున్న చిత్రమైనను, ధారావాహికయైనను, ఒప్పందము గడువు తీరినచో రేపు ఆ వేదికనుండి మాయమగును. గ్రంథాలయములు పుస్తకములను కాపాడినట్లు తెలుగు దృశ్యసంపదను ఒకచోట కాపాడు ఏర్పాటు లేనిచో, ముందుతరపు విద్యార్థులకు ఈ కాలపు తెలుగు పలుకుబడిని చూపుటకు ఆధారము కరువగును.

ఉపాధ్యాయులకు సంబంధించిన మాట మరియొకటి కలదు. ఒకప్పుడు తరగతిలో 'నిన్న రాత్రి టెలివిజనులో చూచితిరా?' అని అడిగినచో పిల్లలు పలువురు చేతులెత్తెడివారు. అందరు చూచినది ఒక్కటే గనుక దానిమీద చర్చ సాగెడిది. నేడు నలుబదిమంది పిల్లలు నలుబది విషయములు చూచియుందురు. ఎవరికి ఏది ప్రీతియో గుర్తించి, దానివంటిదే మరల మరల చూపు యంత్రగణితము ప్రవాహవేదికలలో నున్నది. తమకు నచ్చినదే చూచుచు పోవువారికి ఇతరుల అభిరుచి, ఇతరుల కష్టము, ఇతరుల వాదము ఎదురుపడు అవకాశము తగ్గును. టెలివిజను ఒకప్పుడు అప్రయత్నముగా ఏర్పరచిన ఆ ఉమ్మడివేళను ఇకమీద తరగతిగదియే ఏర్పరచవలసియున్నది. వారమునకొకసారి పిల్లలందరిచేత ఒక మంచి కార్యక్రమమును కలిసి చూపించి, పిదప దానినిగూర్చి మాటలాడించుట ఏ బడికైనను సాధ్యమే. దానికి ఉపగ్రహమైనను, ఇంటర్నెట్టైనను పనికివచ్చును.

గోదావరిపై ధవళేశ్వరమున 19వ శతాబ్దమున ఆనకట్ట కట్టి కాలువలు త్రవ్వినప్పుడు డెల్టా సస్యశ్యామలమైనది. అయినను కాలువ వచ్చినదని వానను వలదన్న రైతు ఎవడును లేడు. కాలువ చేరని మెట్టపొలములవారు నేటికిని మబ్బువైపే చూచుచున్నారు. టెలివిజను విషయమునను ఇట్లే యోచించుట మంచిది. ప్రవాహమునకు కాలువలు త్రవ్వవలసినదే, తూములు పెంచవలసినదే. చివరి మడికి నీరు చేరినదని రూఢిగా తెలిసినదాక మాత్రము ఆకాశపు దారిని మూయరాదు.